డీజిలు ఎవరు త్రాగారు?

మా తమ్ముడు 2022లో అమెరికా వెళ్తూ, 2019లో తాను కొనుక్కున్న ఏడు సీట్ల ఖరీదైన డీజిలు కారును పల్లెలో మా ఇంటివద్ద వదిలి వెళ్ళాడు. "లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుందన్నయ్యా" అన్నాడు. కంపెనీవారు వేసిన కాగితంలోనూ అదే అంకె ఉంది.

అమ్మను వైద్యం కొరకు పట్నం తీసుకువెళ్ళడానికి ఆ బండి ఎంతో అక్కరకు వచ్చింది. అయితే ఎన్నిసార్లు లెక్క వేసినా 9 చిల్లర దాటేది కాదు. మిగిలిన డీజిలు ఏమవుతోంది? బండి నడిపే కుర్రవాడు మా వీధివాడే. నలుగురి ఎదుట అడిగేశాను. "బండే త్రాగుతోంది బాబాయ్" అని తాళాలు అరుగుమీద పెట్టి వెళ్ళిపోయాడు.

తరువాత ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె వ్రాసుకొని, నేనే నడిపాను. 412 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్ళీ నిండా పోయిస్తే 44 లీటర్లు పట్టింది. మళ్ళీ 9 చిల్లరే!

మెకానిక్ విని నవ్వాడు. ఆ యేటి బండ్లకు అచ్చువేసిన అంకె, గదిలో రోలర్లమీద చక్రాలు తిప్పి తీసినదట. సుమారు 20 నిమిషాల పరీక్ష, ఏ.సి. ఆపేసి, వేగం 90 దాటకుండా. మన బండో రెండు టన్నులు. ఎండకు ఏ.సి. తప్పదు, గతుకుల్లో చిన్న గేరు తప్పదు. రైల్వే గేటువద్ద అమ్మకు ఉక్కపోస్తుందని ఇంజను ఆపేవాళ్ళమే కాము. నిలబడ్డ బండి కూడా త్రాగుతుందని నాకు తోచనేలేదు.

ఆ సాయంత్రమే తాళాలు పట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుర్చీ వేసింది. అతడు లోపలనుండి రావడానికి చాలాసేపు పట్టింది.