డబ్బా మీద కణం బొమ్మ

తెల్లాపూర్‌లో షుగరు మాత్రలు మానేసేవాళ్ళు రెండు రకాలు. చేతిలో డబ్బుల్లేక మానేసేవాళ్ళు, తెలివి ఎక్కువై మానేసేవాళ్ళు. మొదటివాళ్ళు కడుతున్న టవర్ల దగ్గర పనిచేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లు. సర్కారు దవాఖానాలో మాత్రలు ఊరికే ఇస్తారని చెప్పి చీటీ రాసిస్తే తెచ్చుకుని వేసుకుంటారు. నా గొడవంతా రెండోవాళ్ళతోనే.

వీళ్ళకి ఈమధ్య ‘కణం’ దొరికింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టీమ్ లీడ్‌గా చేస్తున్న ఒకాయన, నలభై ఇంకా నిండలేదు, కుర్చీలో కూర్చోకముందే ఫోనులో ఒక వీడియో నా ముందు పెట్టాడు. “మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాని దెబ్బతీస్తుందట కదా సర్? నాలుగు నెలలైంది మానేసి. ఇప్పుడు సెల్యులార్ లెవెల్లో ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నా.” ఆ ట్రీట్‌మెంట్ ఒక పొడి. నెలకి సరిపడా డబ్బా ఖరీదుతో మెట్‌ఫార్మిన్ ఏడాదికి పైగా వస్తుంది.

‘మైటోకాండ్రియా కణానికి శక్తి కేంద్రం’ అని మనమందరం బళ్ళో బట్టీ పట్టాం. మిగతా పాఠమంతా మర్చిపోయినా ఆ ఒక్క వాక్యం గుర్తుంటుంది. ఈ వ్యాపారమంతా ఆ వాక్యం మీదే నడుస్తోంది. శుద్ధ అబద్ధమైతే తోసిపారేయొచ్చు, సగం నిజంతోనే చావు. మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియా జోలికి వెళ్ళే మాట నిజమే. కాలేయ కణాల్లో వాటి జోరును కాస్త తగ్గిస్తుంది. పొయ్యి కింద మంట తగ్గించినట్టన్నమాట. దాంతో రాత్రంతా కాలేయం అవసరానికి మించి చక్కెర వండి రక్తంలోకి వదలడం తగ్గుతుంది. మందు చేసే మేలులో అదొక భాగం. వీడియోవాడు దాన్నే నేరంగా చూపించాడు. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది, దానికి పరీక్ష ఉంది, మాత్ర ఉంది. అది మాత్రం ఆ వీడియోలో లేదు!

ఇన్సులిన్ కథ చెబితే ఆయన కొంచెం మెత్తబడ్డాడు. క్లోమంలోని బీటా కణంలో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అల్లిక ఉంటుంది. ఇన్సులిన్ ముడి గొలుసు అక్కడ తయారై, సరైన మడతలు పడి, గాల్జీ అనే మరో భాగానికి చేరి, సంచుల్లోకి సర్దుకుంటుంది. ఆ సంచుల్లోనే అదనపు ముక్క తెగిపోయి అసలు ఇన్సులిన్ మిగులుతుంది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఈ పనంతా రాత్రీ పగలూ సాగాలి. మడతలు తప్పుతాయి, కణం అలిసిపోతుంది, చివరికి చస్తుంది. పెద్దవాళ్ళలో బీటా కణాలు కొత్తగా పుట్టేది బహు తక్కువ. ఉన్నవాటిని కాపాడుకోవడానికే మాత్రలు. “అంటే నేను నాలుగు నెలలుగా…” అన్నాడు. అవును బాబూ, అదే.

అయినా అందరూ ఇంత సులువుగా దిగిరారు. టెస్టుకి వారం ముందు అన్నం మానేసి, జొన్నరొట్టెకి దిగి, ఫాస్టింగ్ షుగరు చక్కగా తెప్పించుకుని నాకు చూపించి మురిసిపోయేవాళ్ళున్నారు. అప్పుడు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తాను. ముదిరిన ఎర్రరక్తకణంలో కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా ఉండవు. చక్కెర దాని లోపలికి వెళ్ళడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. ఒకసారి హిమోగ్లోబిన్‌కి గట్టిగా అతుక్కుంటే ఆ కణం బతికే 120 రోజులూ అక్కడే ఉంటుంది. రక్తహీనత లాంటి చిక్కులు లేకపోతే గడిచిన రెండు మూడు నెలల భాగోతమంతా అందులో బయటపడుతుంది. వారం రోజుల జొన్నరొట్టె దాన్ని మార్చలేదు.

ఉపవాసాల వాళ్ళది ఇంకో తరహా. పస్తుంటే కణం తనను తాను శుభ్రం చేసుకుంటుందని వాళ్ళ ధీమా. ఈస్టులో కణం తన చెత్తను తానే తినేసే తీరును వివరించినందుకు జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. మన కణాల్లోనూ లైసోజోములు ఆ పని చేస్తూనే ఉంటాయి, ఎవరూ పొడి పోయక్కర్లేదు. కానీ నోబెల్ పేరు చెప్పి, చక్కెరను దించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని ఇరవై గంటలు పస్తుంటే? నల్లగండ్ల నుంచి ఒక కుర్రాణ్ణి చెమటలు కారుతుండగా తీసుకొచ్చారు. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చున్నాడు. లేచీ లేవగానే “ఫాస్ట్ బ్రేక్ అయిపోయిందా సర్?” అని అడిగాడు.

వీళ్ళ మీద కోపం వస్తుంది. ఒక పెద్దావిడ మీద మాత్రం రాలేదు. మనవణ్ణి చూసుకోడానికి పాలకొల్లు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కుడి బొటనవేలి కింద చెప్పు ఒరిపిడికి పుండు పడి నల్లబడింది. “నొప్పేం లేదండి” అంది ధీమాగా. ఆ మాటే నన్ను భయపెట్టింది, షుగరుకి నరాలు మొద్దుబారితేనే అలా నొప్పి తెలియదు. మాత్రలేవమ్మా అంటే, సంచిలోంచి డబ్బా తీసింది. దాని మీద గుండ్రటి కణం బొమ్మ, మధ్యలో నవ్వుతున్న మైటోకాండ్రియా, కింద లావు అక్షరాల్లో ఏటీపీ. “మావాడు అంత డబ్బెట్టి తెచ్చేడండి బాబూ, ఏసుకోకపోతే బాధపడతాడని. రెండూ కలిపితే వేడి చేస్తాదని అమ్మినోళ్ళు చెప్పేరంట.” కొడుక్కి తల్లి మీద ప్రేమ, తల్లికి కొడుకు డబ్బు వృథా అవుతుందని బెంగ. నేనెవర్ని తిట్టాలి?

ఇన్సులిన్ మొదలుపెట్టాం, యాంటీబయాటిక్స్ ఇచ్చాం. వేలు దక్కలేదు. “రివ్యూలన్నీ బాగున్నాయి సర్” అన్నాడు కొడుకు కారిడార్‌లో, కళ్ళు తుడుచుకుంటూ.

కణంలో శక్తిని మోసే ఆ ఏటీపీని కండరంలో కనిపెట్టినవాళ్ళలో ఒకరు వాళ్ళ ఊరి పక్కనే, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ దారినే 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ వంద గ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది. రోజంతా తయారై ఖర్చయ్యేది ఇంచుమించు మన బరువంత. చెంచాడు పొడి ఇందులో ఏ మూలకి? ఆ కొడుక్కి సుబ్బారావు పేరు తెలియదు, డబ్బా అమ్మినవాడి పేరు తెలుసు.

నాకు ఆయుర్వేదం మీద కక్షేమీ లేదు. సుబ్బారావు గారే అమెరికా వెళ్ళకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఈ డబ్బాల్లో ఆయుర్వేదమూ లేదు, అల్లోపతీ లేదు. లోపల ఏముందో తెలియని పొడి, పైన కణం బొమ్మ ఉన్నాయి.

మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంటే, పారేయమని నేను చెప్పను, డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి మీకు మనసొప్పదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి. మాత్రలు మాత్రం ఆ రోజు కూడా వేసుకునే వెళ్ళండి. అమ్మ పాదాలు ఒకసారి మీరే తిప్పి చూడండి, నొప్పి లేదని ఆవిడ చెప్పినా సరే.