మారికో మజిలీ దుంప

జపానులో పూర్వం ఎడో నగరం నుంచి క్యోతోకు తొకాయిదో అనే రాజబాట ఉండేది. ఆ ఎడోయే ఇప్పటి టోక్యో. దారిలో 53 మజిలీలు. వాటిలో 20వది మారికో. ఇప్పుడది షిజుయోకా నగరంలో కలిసిపోయింది.

మారికోకు పేరు తెచ్చింది ఒక దుంప. దాన్ని నూరి చేసే తొరొరో అనే జావను, 1596లో పెట్టిన పూటకూళ్ళ ఇల్లు ఒకటి ఈనాటికీ వడ్డిస్తున్నది. 1830ల్లో హిరోషిగె అనే చిత్రకారుడు ఈ మజిలీ బొమ్మ వేశాడు. అందులో గడ్డికప్పు కింద ఇద్దరు బాటసారులు తింటూ ఉంటారు. చంటిబిడ్డను వీపున కట్టుకున్న స్త్రీ వడ్డిస్తూ ఉంటుంది.

ఆ దుంప పేరు జినెంజొ. మన పెండలానికి దగ్గర చుట్టం. నేను వెళ్ళింది నవంబరులో. కొండవాలు మీద ఒక ముసలి రైతు దుంప తవ్వుతూ కనిపించాడు. పక్క చెట్టంతా అల్లుకున్న తీగె పసుపుపచ్చగా మారింది. ఆకుల మొదళ్ళలో బఠానీలంత గోధుమరంగు కాయలున్నాయి. నిజానికి అవి కాయలు కావు, గాలిలో ఊరే బుల్లి దుంపలు! వాటిని ముకగో అంటారు. తాకితే చాలు, రాలిపోతాయి; రాలినచోట మొలుస్తాయి. బియ్యంలో కాస్త ఉప్పుతోపాటు వేసి వండుకుంటారు. తీగెకు అసలు కాయలు వేరే ఉన్నాయి. వాటికి మూడేసి రెక్కలుంటాయి. వాటిని ఎవరూ తినరు.

ఆ పొదలోనే అలాంటి ఆకులే గల మరో తీగె ఉంది. దాని దుంప చేదు, తింటే ప్రమాదం. నాతో వచ్చిన మిత్రుడు, "గుర్తుపట్టటం ఎట్లా?" అని అడిగాడు. ముసలాయన రెండు తీగెలూ పక్కపక్కన పెట్టి చూపాడు. జినెంజొ ఆకులు సాధారణంగా ఎదురెదురుగా జంటలై ఉంటాయి. చేదు తీగెకు ఒకటి ఇటూ ఒకటి అటూ ఉంటాయి; ముకగో కాయదు. ఈ గుర్తు మన దేశంలో నమ్మకండి సుమా! మన అడవుల్లో గాలిదుంపలు కాచే తీగెల్లోనే పచ్చిగా తింటే హాని చేసేవి ఉన్నాయి.

దుంప నడుములోతు దాకా రాళ్ళ సందుల్లో మెలికలు తిరిగి పోతుంది. విరిగితే ధర పడిపోతుంది. గంటసేపయింది. ముసలాయన బోర్లా పడుకుని, గోతిలోకి చేతులు చాచి వేళ్ళతో మట్టి గీస్తున్నాడు. ఇంతలో టక్కుమంది! పెద్ద రాయి కింద కొస విరిగింది. ఆయన నిట్టూర్చి, దుంప తల కోసి మళ్ళీ పాతిపెట్టి, గోతిని పూడ్చాడు. తల ఉంటే కొన్నేళ్ళకు మళ్ళీ అంత దుంప ఊరుతుంది. చలికాలంలో తీగె ఎండి రాలిపోతే దుంప జాడ తెలియదు. అందుకని కొందరు ముందుగానే తీగె మొదట్లో బార్లీ గింజలు చల్లి ఉంచుతారు. పచ్చని మొలకలే గుర్తు! తోటల్లో పెంచేవాళ్ళు మాత్రం నేలలో ఏటవాలుగా గొట్టాలు పాతి, దుంప వాటిలో తిన్నగా ఊరేట్టు చేస్తారు.

పెండలాన్ని మనం ఉడికించి తింటాం. జినెంజొను వాళ్ళు పచ్చిగానే గరుకు రోట్లో నూరి, మిసో చారు కలిపి, బార్లీ అన్నం మీద పోసుకుంటారు. దాని జిగురు ముందు మన బెండకాయ ఏపాటి! రుచి చప్పగా, కమ్మగా ఉంది. రెండు గిన్నెలు తిన్నాను. తరవాత పెదవులు దురద పెట్టసాగాయి. మన కందలో ఉండేలాంటి సూదిమొన స్ఫటికాలే ఇందులోనూ ఉన్నాయి. వడ్డించే ఆవిడ నవ్వుతూ వెనిగర్‌లో తడిపిన గుడ్డ తెచ్చి ఇచ్చింది. మా ఇంట్లో కందకు చింతపండు వేసేది ఇందుకేనని అప్పుడు తట్టింది.