విరిగిన స్ప్రింగు సాక్ష్యం

గుంటూరులోని మా పాత ఇంటి అటక మీద దాదాజాన్ గ్రామఫోను సుమారు యాభై ఏళ్ళు మూగగా పడి ఉంది. ఇల్లు అమ్మినప్పుడు తోబుట్టువులమంతా సామాను పంచుకున్నాం. దానిని ఎవరూ కోరలేదు. నేను అడిగి తీసుకున్నాను. ఎందుకు అడిగానో ఆనాడు ఎవరికీ చెప్పలేదు.

1974 వేసవిలో ఒక మధ్యాహ్నం పెద్దలందరూ నిద్రిస్తున్న వేళ, నేనూ మా ఆపా దొంగచాటుగా దాని మూత తెరిచాం. నాకు తొమ్మిదేళ్ళు, ఆపాకు పన్నెండు. హ్యాండిల్ తిప్పింది నేను. "చాలు, ఇక తిప్పకు" అని ఆపా వారిస్తున్నా వినలేదు. లోపల ఫెళ్ళుమని చప్పుడైంది. హ్యాండిల్ పట్టు తప్పి వదులుగా తిరగసాగింది. దాదాజాన్ లేచి వచ్చేసరికి నేను తలుపు చాటున ఉన్నాను, హ్యాండిల్ ఆపా చేతిలో ఉంది. ఆయన కోప్పడలేదు. "నీ మీద నమ్మకం ఉంచాను బేటీ" అన్నారు, అంతే. ఆపా నా పేరు చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. మరుసటి ఏడే దాదాజాన్ కన్నుమూశారు.

ఉద్యోగ విరమణ తరువాత హైదరాబాదులోని మా ఇంట్లో దానిని బాగుచేయడానికి పూనుకున్నాను. ఈ యంత్రానికి కరెంటు అక్కర లేదు. డబ్బీలో చుట్టగా చుట్టిన ఉక్కుపట్టీయే దాని ప్రాణం. హ్యాండిల్ తిప్పితే పట్టీ బిగుసుకుంటుంది, అది విచ్చుకుంటూ పళ్ళచక్రాల ద్వారా పళ్ళేన్ని తిప్పుతుంది. వేగం మితిమీరకుండా చూసేది గవర్నర్. దానికి మూడు చిన్న బరువులుంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి వెలుపలికి విచ్చుకొని ఒక బిళ్ళను తోలుముక్క మీదికి లాగి, బ్రేకు వేసినట్లు నిదానింపజేస్తాయి. మా దానిలో ఒక బరువు ఊడిపోయింది, తోలుముక్క రాయిలా గట్టిపడింది.

విడిభాగాల కోసం పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారులో అయిదు గురువారాలు తిరిగాను. చివరకు ఒక పాత ఇనుప సామాన్ల గుట్టలో, పెట్టె చెదలు తినేసిన మరో గ్రామఫోను కనిపించింది. అది పాడలేదు కానీ దాని మోటారు చెడలేదు. స్ప్రింగు వెడల్పు, మందం కొలిచి చూస్తే మా దానికి సరిపోయాయి. గవర్నర్ బరువు కూడా దాని నుంచే తీశాను. సౌండ్‌బాక్సులోని పల్చని రేకు అభ్రకానిది. మన గూడూరు గనులలో దొరికే ఖనిజమే. అది పదిలంగా ఉంది, దాని చుట్టూ ఉండే రబ్బరు మాత్రం పొడిపొడిగా రాలింది. ఆ స్థానంలో సైకిలు వాల్‌ట్యూబు ముక్క అమర్చాను.

ఇక మిగిలింది స్ప్రింగు డబ్బీ. బిగుసుకొని ఉన్న పట్టీ ఒక్కసారిగా ఎగిరితే చెయ్యి కోసుకుపోతుంది. అందుకే మందపాటి చేతితొడుగులు వేసుకొని, మెల్లగా చుట్ట తరువాత చుట్ట బయటికి లాగాను. తారులా గడ్డకట్టిన పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగాను. విరిగిన చోటును భూతద్దంతో చూసి చాలాసేపు కదలలేకపోయాను.

విరుపు అంచులో సగానికి పైగా నల్లగా తుప్పు పట్టి ఉంది. మిగిలిన భాగం గ్రీజు కింద బూడిదరంగులో మెరుస్తోంది. అంటే ఆ పట్టీకి అంతకు ముందెప్పుడో పగులు వచ్చింది. ఆ మధ్యాహ్నం తెగింది మిగిలిన సగమే. నేను తిప్పకపోయినా, కొన్నాళ్ళకు దాదాజాన్ చేతిలోనే అది విరిగేది.

ఊరట కలగాలి. కలగలేదు. ఇన్నేళ్ళూ నేను స్ప్రింగు విరిచిన పాపాన్ని మోస్తున్నాననుకున్నాను. అది నాది కాదని తేలగానే, అసలు బరువేదో స్పష్టంగా కనిపించింది. ఉక్కు విరగడం ఎవరి తప్పూ కాదు. తలుపు చాటున నిలబడిపోవడం మాత్రం ముమ్మాటికీ నా తప్పే.

కొత్తగా గ్రాఫైట్ గ్రీజు పూసి అన్నీ బిగించాను. పళ్ళెం మీద చిన్న కాగితం ముక్క పెట్టి, గడియారం చూస్తూ నిమిషానికి 78 చుట్లు వచ్చేదాకా వేగం సరిచేశాను. తరువాత ఆపాను ఇంటికి పిలిచి, విరిగిన పట్టీని ఆమె చేతిలో పెట్టి జరిగినదంతా చెప్పాను. "నన్ను క్షమించు ఆపా" అన్నాను.

ఆపా ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. "నిన్ను ఆనాడే క్షమించాను తమ్ముడూ. నువ్వు తలుపు వెనుక ఏడవడం నాకు వినపడింది. దాదాజాన్ నన్ను అలా అనుకునే వెళ్ళిపోయారు చూడు, అదొక్కటే నన్ను బాధించింది" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ బజారులోనూ దానికి విడిభాగం దొరకదు. ఇద్దరం దాదాజాన్ కోసం దుఆ చేశాం.

ఆయన దాచుకున్న ఖవ్వాలీ రికార్డును పళ్ళెం మీద పెట్టి, కొత్త సూది బిగించి, హ్యాండిల్ ఆపా వైపు జరిపాను. ఆమె క్షణకాలం సంకోచించింది. తరువాత నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టింది. ఈసారి నేను గది మధ్యలోనే నిలబడ్డాను.