మెరుగు

తిరువూరులో బండి కడిగే చోటుకి ఒకటే పేరు, వాటర్ సర్వీసింగ్. ఆటోకైనా, ట్రాక్టరుకైనా, పాతిక లక్షల కారుకైనా అదే. విజయవాడ ఆటోనగర్‌లో ఆరేళ్లు పాలిషింగ్ మిషన్ పట్టి, సొంతూళ్లో షెడ్డు అద్దెకు తీసుకున్నాక నన్ను తిప్పలు పెట్టింది ఈ మాటే. నాలుగొందలకి నీళ్లు కొట్టి పంపే పని కాదు మాది. బంకమట్టి ముద్దలా ఉండే క్లే బార్‌తో రంగుకి పట్టిన తారు, ఇనుప రజను లాగాలి. కాంపౌండ్ పెట్టి గీతలు తీయాలి, పాలిష్ చెయ్యాలి, అడిగితే సిరామిక్ కోటింగ్ వెయ్యాలి. ఒక్క కారుకి రెండు రోజులు.

ఊళ్లో ఈ పనికి కొదవ లేదు. 30వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. సత్తుపల్లి గనుల వైపు తిరిగే కార్లకి బొగ్గు దుమ్ము. అందరికీ బోరునీళ్ల తెల్ల మరకలు. అన్నిటికంటే మొండిది మామిడి పూతప్పుడు వచ్చే తేనెమంచు. తోటలో చెట్టు కింద కారు పెడితే పురుగు విడిచిన జిగురు తుంపర్లుగా పడుతుంది, ఎండకి బిగుసుకుంటుంది, దాని మీద నల్ల బూజు పడుతుంది. గుడ్డ పెట్టి రుద్దారా, గీతలు మిగులుతాయి.

మొదట పెట్టిన ఫ్లెక్సీ మీద 'కార్ డీటెయిలింగ్ స్టూడియో' అని రాయించా. మొదటి వారంలోనే ఒక పెద్దాయన వచ్చి, "పాస్‌పోర్టు ఫొటోలు ఎన్నింటికి తమ్ముడూ?" అన్నాడు. ఇంకొకాయన ఏం డీటెయిల్స్ కావాలంటారని ఆధార్ జిరాక్సు తీశాడు. ఫ్లెక్సీ దించేశా.

పేరు వేట ఇంట్లో మొదలైంది. నాన్న 'మారుతి' అన్నారు. మారుతి కార్లే చూస్తామనుకుంటారు నాన్నా అంటే, వాళ్లు మాత్రం ఆంజనేయస్వామి పేరు పెట్టుకోలేదా అన్నారు. ఆ మాటా నిజమే. బావ న్యూమరాలజీ లెక్కగట్టి 'షైన్' స్పెల్లింగులో ఒక 'ఐ' ఎక్కువ పెట్టమన్నాడు. ఇంటిపేరే పెడదామని నాకుండేది. ఆగస్ట్ హోర్హ్ కథ చదివాక వెనకాడా. ఆ జర్మన్ ఇంజనీరు తన పేరుతో పెట్టిన కంపెనీ నుంచి 1909లో బయటికొచ్చాడు. కొత్త కంపెనీకి అదే పేరు పెట్టబోతే కోర్టు కుదరదంది. హోర్హ్ అంటే వాళ్ల భాషలో 'విను'. అదే మాట లాటిన్‌లో 'ఆడి'. అలా పుట్టిందే ఆ కారు పేరు. ఇంటిపేరు కూడా చెయ్యిజారుతుందన్నమాట.

చివరికి అమ్మ నోటినుంచి వచ్చింది. ఎండకి వెలిసిపోయిన మా మామయ్య కారుకి బానెట్ సగం పాలిష్ చేసి చూపించా. "గొలుసు మెరుగు పెట్టించినట్టుందిరా" అంది.

మాట చక్కగా అమిరింది. మెరుగు పెట్టినప్పుడల్లా బంగారం రవంత అరుగుతుంది. కాంపౌండింగ్‌లోనూ అంతే, రంగు మీది క్లియర్ కోట్ కొద్ది మైక్రాన్లు పోతుంది. ఆ కోటు మొత్తం కలిపితేనే యాభై మైక్రాన్లకి అటూఇటూ. అందుకే ఏటా కాంపౌండింగ్ చేయమని వచ్చేవాళ్లని వెనక్కి పంపుతా. గొలుసుని అలా నెలనెలా ఎవరూ మెరుగు పెట్టించరు కదా అంటే ఇట్టే అర్థమవుతుంది. మైక్రాన్ల లెక్క చెబితే మాత్రం రేటు పెంచడానికే అనుకుంటారు.

ట్రేడ్‌మార్కు సంగతి ఆడిటర్‌ని అడిగా. బండ్ల సర్వీసింగు లాంటి పనులు 37వ తరగతిలోకి వస్తాయట, నాలాంటి ఒంటరివాడికి ఆన్‌లైన్‌లో ఫీజు ₹4,500. చేసే పనిని ఉన్నదున్నట్టు చెప్పే మాటకి హక్కు దొరకడం కష్టమనీ అన్నాడు. 'మెరుగు' అలాంటి మాటేనేమో చూడాలన్నాడు. అర్జీ ఇంకా పెట్టలేదు.

ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల్లో చూసినవాళ్లు కొందరు అది మా ఇంటిపేరనుకుని "మెరుగు వారా మీరు?" అంటున్నారు. అందుకే తెలుగు అక్షరాలు రెండడుగుల ఎత్తున రాయించా, కింద చిన్నగా 'కారు పాలిష్, కోటింగ్' అని.

డ్రైవర్లు ఫోన్లో దారి చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ వాటర్ సర్వీసింగ్ అనే అంటారు. నీళ్లు కొట్టడమూ మానలేదు, నాలుగొందలే.