ఒకటిన్నర నిమిషం

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఉన్నది. ఆ దారిన గచ్చిబౌలి నుండి శంషాబాదుకు కుటుంబసమేతంగా కారులో వెళ్లాము. ఎడ్లబండి లేదు, ఎదురుబండి లేదు. గతుకుల రోడ్లకు అలవాటుపడిన మాకు వేగమే తెలియలేదు. అక్కడి గరిష్ఠ వేగం 2023లో 100 నుండి 120కి పెంచారు. మా బండి 140 అందుకొన్నది.

ఇంటికి చేరాక ఫోనుకు చలానా వచ్చింది. ఫోటోలో మా కారు, నంబరు, వేగం!

"ఎవరూ చూడరనుకున్నావా నాన్నా?" అన్నది మా అమ్మాయి.

లెక్క వేశాము. 20 కిలోమీటర్లకు 120 వేగంతో 10 నిమిషాలు, 140తో ఎనిమిదిన్నర. మిగిలింది ఒకటిన్నర నిమిషం. అందుకోసం వెనుక సీటులో నిద్రపోతున్న పిల్లల ప్రాణాలు పణంగా పెట్టాము.

జరిమానా కట్టేశాము. ఇప్పుడు కెమెరా లేనిచోట కూడా ముల్లు చూసుకొంటున్నాము.