ఆగే విద్య

కారు నడపటం నేర్పేవాళ్ళు వూరూరా వున్నారు. కారు ఎలా ఆగుతుందో విప్పి చూపేవాళ్ళు అరుదు. నలభై దాటిన తరువాత ఆ విద్య నాకు శృంగవరపుకోటలో ఒక మెకానిక్ వద్ద అబ్బింది.

నాన్నగారి అంబాసిడరు నాకు సంక్రమించింది. ఉత్తర్‌పారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గాని, నా మమకారం ఆగలేదు. ఇంటిల్లిపాదినీ అందులో అరకు తీసుకుపోవాలని కోరిక. శృంగవరపుకోట దాటితే ఘాట్ రోడ్డే. ఎక్కేటప్పుడు ఇంజనుకు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకుకు పరీక్ష. మొదటి పరీక్ష తప్పితే బండి ఆగుతుంది. రెండోది తప్పితే ఆగదు!

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరులోని బ్రేక్ ఆయిల్ సన్నని గొట్టాల వెంట ఆ వొత్తిడిని చక్రాల దగ్గరి సిలిండర్లకు మోసుకుపోతుంది. అక్కడి పిస్టన్లు బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతాయి. ఆయిల్ కారకుండా కాపలా కాసేవి చిన్న చిన్న రబ్బరు వాషర్లు.

పేరుకు ఆయిలే గాని, దానికి నీరంటే మహా ప్రీతి. గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తడి పీల్చినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే డ్రమ్ములు కాలి, ఆయిల్ మరిగి, ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి అణిగిపోతుంది గనుక పెడల్ నేలకంటుతుంది. బండి మాట వినదు. ఆ తేమే సిలిండరు లోపల తుప్పు గుంటలు పెడుతుంది.

మా బండివి విప్పితే ఆ గుంటలే! "వాషర్లు మారిస్తే చాలదా?" అన్నాను. నాన్నగారు తొక్కిన బ్రేకు గదా అని నా బాధ.

మెకానిక్ గోటితో తడిమి చూశాడు. "గోరు తగులుకుంటోందండి, మాస్టారూ! సన్నగీతలైతే రుద్ది నున్న చేద్దును. దీన్లో కొత్త వాషరేసినా నాల్రోజుల్లో కోసుకుపోద్ది. సిలిండరే మార్చాలి."

తెలుగు మేష్టరును గదా, పాతదేదైనా దాచుకోవాలనే చూస్తాను. తాళపత్రంలో అక్షరం పురుగు తింటే మరో ప్రతిలో పాఠం వెతుక్కోవచ్చు. అనంతగిరి మలుపులో బ్రేకు జారితే రెండో ప్రతి ఎక్కడిది? మా బండిలో నాలుగు చక్రాలకూ ఒకటే మాస్టర్ సిలిండరు. ఒకచోట కారితే నాలుగు బ్రేకులూ పోయినట్టే.

కొత్త సిలిండర్లు వేయించాను. పాత ఆయిల్ పారబోసి, కొత్తది పోసి, ఒక్కొక్క చక్రం దగ్గరా నిపుల్ వదులుచేసి, బుడగ రాకుండా పోయేదాకా గాలి తీశాడు. పెడల్ రాయిలా నిలిచింది. "ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకుకు వూపిరాడనివ్వండి" అని పంపాడు.

నాన్నగారి జ్ఞాపకానికి ఆ స్టీరింగు చాలు. బ్రేకు మాత్రం వెనుక సీటులో కూర్చునే పిల్లలది.