కొత్తదా, పాతదా?

చింతపండులో ఎంపిక ఏముంది, కొట్లో ఉన్నది తెచ్చుకోవడమే కదా అనేవారు మనలో చాలామంది. బ్యాంకు బదిలీల పుణ్యమా అని బరంపురం, తుమకూరు, పుణె తిరిగిన మా ఇంట్లో మాత్రం ఈ చర్చ ఎన్నడూ ముగియలేదు.

మాఘ, ఫాల్గుణాల్లో దిగే కొత్త పండు లేత ఎరుపుగా ఉంటుంది. పులిహోరకు అదే కావాలి. పాతది వేస్తే పసుపు ఎంత పడినా అన్నం మట్టిరంగుకు తిరుగుతుంది. ఏడాది దాటి నల్లబడినది పులుసుకూ, చారుకూ పనికొస్తుంది. రంగు మాట ఎలా ఉన్నా, బెల్లం ముక్క పడ్డ ముక్కల పులుసుకు ఆ చిక్కదనం కొత్తదానితో రాదు. కొనేటప్పుడు సన్నని రంధ్రాలు, పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టే. గింజతో ఉన్నది చవకని సంబరపడకండి. కామర్సు చదివినవాణ్ణి కనుక చెబుతున్నాను, తూకంలో సుమారు మూడో వంతు గింజలకే పోతుంది.

ఏ ఊరి పులుపు ఆ ఊరిది. బరంపురంలో అంబులా వేసిన చేపల కూర తిన్నాం. అది ఉప్పువేసి ఎండబెట్టిన మామిడి, మన ఒరుగులకు చుట్టమే. పుణెలో పక్కింటివారు ఆమసూల్ వేసి ఆమటి చేసి పంపేవారు. చివరి సంవత్సరం మా దగ్గరే ఉన్న అమ్మకు నోటికి ఏదీ హితవయ్యేది కాదు గాని, ఆ ఆమటి మాత్రం ఇష్టంగా తాగేది. అది చూసి మా ఆవిడ ఆమసూల్‌తోనే చారు కాచింది. అమ్మ రెండు గుక్కలు తాగి, "బాగుందే అమ్మాయ్, కాని ఇది చారు కాదు" అని గిన్నె పక్కన పెట్టింది.

తుమకూరులో చింతపండుకు పెద్ద మార్కెట్టే ఉంది. అక్కడి పాత సహోద్యోగి ఒకాయన, నిరుటి సరుకు రెండు కిలోలు బస్సులో పంపించాడు. అమ్మ గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఈనెలు తానే తీస్తానని కూర్చుంది. ఆ పూట చారన్నం రెండోసారి అడిగింది. ఆమె అలా అడిగి అప్పటికి ఎన్నాళ్ళయిందో!

అమ్మ పోయాక కూడా మా ఆవిడ ఏటా కొత్త పండుకు ఉప్పు కలిపి జాడీకి ఎత్తుతూనే ఉంది. మూత మీద సంవత్సరం రాసే పని నాది.